పూడూరు పాత ఛాయాచిత్రము – ఒక పాఠము

ఈ శతాబ్ది సంచిక కొరకు ఇండ్లలోని పాత ఫొటోలు సేకరించుచుండగా మాకు ఒక చిన్న ఛాయాచిత్రము దొరికినది. వెనుక పెన్సిలుతో "పూడూరు, అక్టోబరు" అని మాత్రమే వ్రాసి ఉన్నది. సంవత్సరము లేదు. ముందు పొదలు, వెనుక చెట్లు, పైన తెల్లని ఆకాశము. ఒక మూల చెదలు తినివేసినది. దానిని బాగు చేయించి అచ్చు వేయుదమని తలచి ఒక స్టూడియోకు ఇచ్చితిమి.

తిరిగి వచ్చిన బొమ్మను చూచి మొదట ఎంతో సంతోషించితిమి. నీలి ఆకాశము, తెల్లని మబ్బులు, పచ్చని పొదలు, కాషాయ రంగు చెట్లు! అయితే పూడూరులోనే పుట్టి పెరిగిన ఒక పెద్దమ్మకు చూపగా ఆమె నవ్వి, "బిడ్డా, మన అడవిల దసరాకు ఆకులు ఎర్రగైతయా? ఈ పొదలు పచ్చగ ఎందుకున్నయి? ఇది తంగేడు పూసే కాలం గద!" అన్నది.

ఆమె మాట నిజము. చలిదేశములలో అక్టోబరు ఆకులు పండి రాలు కాలము. మనకు అది వానలు వెలిసిన శరదృతువు. గడ్డి పండుబారును, తంగేడు పూచును, కంది చేలు పూతకు వచ్చును. మన టేకు చెట్లు ఆకు రాల్చునది ఆ తరువాతనే. కంప్యూటరు ఇతర దేశముల శరత్తును తెచ్చి మన ఊరికి తొడిగినది.

మరి పసుపు పూలు ఫొటోలో నల్లగా ఏల కనిపించినవి? దీనికి చరిత్రలో జవాబు ఉన్నది. తొలినాటి ప్లేట్లు నీలి వెలుగును మాత్రమే బాగుగా పట్టెడివి. పసుపు, ఎరుపు వానికి చీకటితో సమానము. అందుచేత పసుపు పూలు నల్లగాను, నీలి ఆకాశము మబ్బులు లేక వట్టి తెలుపుగాను పడెడివి. 1873లో జర్మనీలో హెర్మన్ ఫోగెల్ ప్లేటుకు రంగు కలిపి ఈ లోపమును తగ్గించు మార్గము కనుగొనెను. అన్ని రంగులను పట్టు ప్లేట్లు 1906 నుండి బజారులోనికి వచ్చినవి. అయినను పాతరకము ప్లేట్లు ఆ తరువాత కూడ చాలకాలము వాడబడినవి.

బొమ్మను దిద్దుట నేటి వింత కాదు. ఫ్రాన్సులో గుస్తావ్ లె గ్రే 1850ల చివర సముద్రమును ఒక ప్లేటు నుండి, ఆకాశమును మరొక ప్లేటు నుండి తీసి ఒకే కాగితముపై అచ్చు వేసెను. మన హైదరాబాదు రాజ్యములో ఆరవ నిజాము ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీన్ దయాళ్ (1844–1905) కాలమునాటికి ప్లేటుపై పెన్సిలుతో మచ్చలు దిద్దుట స్టూడియోలలో సాధారణ పని. అయితే అసలు ప్లేటు మిగిలియుండును గనుక ఏది దిద్దినదో తెలియును. ఆయన స్టూడియో గాజు ప్లేట్లలో 2,857 ప్లేట్లను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రము కొని భద్రపరచినది.

మా ఫొటోలో మరొక నష్టము జరిగినది. చెట్ల క్రింద బూడిదరంగు మరక ఒకటి ఉండెను. స్టూడియోవారు దానిని తుడిచివేసిరి. అసలు ప్రతిని భూతద్దముతో చూడగా అది మరక కాదు, నెత్తిన గంపతో నడచుచున్న ఒక స్త్రీ! వెలుగును మెల్లగా పట్టు ప్లేటు గనుక కదలుచున్న ఆమె మసకగా పడినది. ఆమె పేరు మాకు తెలియదు. ఆ చిత్రములో ఉన్న మనిషి ఆమె ఒక్కతే.

ఇది చిన్న విషయమని అనుకొనరాదు. పూడూరు మండలములోని దామగుండము అడవిలో సుమారు 2,900 ఎకరాలు నౌకాదళ రేడియో కేంద్రమునకు ఇవ్వబడినవి. జలాంతర్గాములతో మాటలాడుటకైన ఆ కేంద్రమునకు 2024 అక్టోబరు 15న శంకుస్థాపన జరిగినది. చెట్లు పోవునని పలువురు ఆందోళన చేసిరి. రేపు ఆ నేల ఎట్లుండెనని పిల్లలు అడిగినప్పుడు ఇటువంటి ఫొటోలే సాక్ష్యము పలుకవలెను. సాక్షి నోట లేని మాట పెట్టుట తగునా?

కాబట్టి మేము ఈ సంచికకు చెదలు తిన్న మూలను మాత్రమే సరిచేయించి, రంగులు లేకుండ, ఆ స్త్రీతో సహా అచ్చు వేయ నిశ్చయించితిమి. సంఘ సభ్యులకు మా మనవి: దిద్దించుటకు నకలునే ఇయ్యండి, అసలును దాచుకొనండి. ఏమి మార్చితిరో నకలు వెనుక వ్రాయండి. ఊరు, సంవత్సరము, మనుషుల పేర్లు పెద్దలు బ్రతికి ఉండగానే అడిగి వ్రాయండి. ఆ గంప మోసిన తల్లి పేరు అడుగుటకు మాకు ఇప్పుడు ఎవరును లేరు.