మంచు మీద ముప్పది ఏండ్ల లెక్క

విజ్ఞానశాస్త్ర చరిత్ర అనగానే మనకు సాధారణముగా జ్ఞాపకము వచ్చేవి గొప్ప ఊహలు, ఆశ్చర్యకరమైన ప్రయోగాలు. కాని ఒకే పనిని ప్రతిరోజూ ఒకే పద్ధతిలో చేసి, వచ్చిన అంకెను పుస్తకములో వ్రాసిపెట్టడము కూడా శాస్త్రజ్ఞుల పనే. ఈ ఓపిక మానవజాతికి ఎంతటి మేలు చేయగలదో తెలుసుకోవాలంటే, దక్షిణ ధ్రువఖండమైన అంటార్కిటికాలోని హేలీ పరిశోధన కేంద్రపు చరిత్రను చూడాలి.

కేంద్ర స్థాపన

1957 జూలై నుండి 1958 డిసెంబరు వరకు గల పదునెనిమిది నెలల కాలాన్ని ప్రపంచ శాస్త్రజ్ఞులు ‘అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరము’గా జరిపారు. భూమిని, దానిని ఆవరించిన వాయుమండలాన్ని అనేక దేశాలవారు ఏకకాలములో పరిశీలించాలన్నది దాని ఉద్దేశము. ఇందుకై బ్రిటన్‌లోని రాయల్ సొసైటీ ముందుగానే ఒక దళాన్ని అంటార్కిటికాకు పంపింది. ఆ దళము 1956 జనవరిలో వెడ్డెల్ సముద్రపు తూర్పు అంచున, సుమారు 75½ డిగ్రీల దక్షిణ అక్షాంశము వద్ద దిగి కేంద్రాన్ని నెలకొల్పింది. తోకచుక్క మూలాన మనకు పరిచితుడైన ఎడ్మండ్ హేలీ పేరు దానికి పెట్టారు.

అక్కడ ఏటా మూడు నెలలకు పైగా సూర్యోదయమే ఉండదు. వేసవిలో తప్ప ఓడ రాజాలదు. వీటన్నిటికంటె విచిత్రమైనది ఆ కేంద్రము నిలిచిన చోటు. అది నేల కాదు. సముద్రముపై తేలుతున్న బ్రంట్ హిమఫలకము. ఖండము నుండి జారివచ్చిన ఈ మంచుపలక ఏటా కొన్ని వందల మీటర్లు సముద్రము వైపునకు కదులుతూ ఉంటుంది. పైన ఏటా మీటరుకు పైగా మంచు కురుస్తుంది, కరగదు. అందుచేత మొదటి కట్టడము కొన్ని ఏండ్లలోనే మంచులో కూరుకొనిపోయింది. 1967లో రెండవది, 1973లో మూడవది, 1983లో నాలుగవది కట్టవలసివచ్చింది. అవన్నీ మంచు బరువుకు నలిగిపోయినవే. మన దేశము 1983-84లో హిమఫలకముపై నిర్మించిన దక్షిణ గంగోత్రి కూడా ఇట్లే మంచులో పూడిపోగా, తరువాతి కేంద్రమైన మైత్రిని రాతినేలపై కట్టుకున్నాము.

ఇల్లు మారినా హేలీలో పని మారలేదు. ఆ పనులలో ఒకటి ఓజోను కొలత.

ఓజోనును కొలవడమెట్లా?

మనము పీల్చే ఆమ్లజని అణువులో రెండు పరమాణువులు ఉంటాయి, ఓజోనులో మూడు. వాయుమండలపు పై పొరలలో ఉండే ఈ వాయువు, సూర్యుని నుండి వచ్చే హానికరమైన అతినీలలోహిత కిరణాలను చాలవరకు అడ్డుకుంటుంది. మన తలపై చెదరియున్న ఓజోనునంతా సున్న డిగ్రీల సెంటీగ్రేడు వద్ద, సముద్రమట్టపు పీడనములో ఒక పొరగా పరచితే, దాని మందము సుమారు 3 మిల్లీమీటర్లే! దీనినే 300 డాబ్సన్ యూనిట్లు అంటారు.

ఆక్స్‌ఫర్డ్ శాస్త్రజ్ఞుడు డాబ్సన్ 1920లలో రూపొందించిన పరికరము యొక్క సూత్రము సులభమైనది. ఓజోను ఎక్కువగా పీల్చుకొనే ఒక తరంగదైర్ఘ్యాన్ని, తక్కువగా పీల్చుకొనే మరొక దానిని తీసుకొని, సూర్యకాంతిలో ఆ రెండింటి తీవ్రతలను పోల్చి చూస్తారు. ఆ నిష్పత్తిని బట్టి ఓజోను ఎంతో తేలుతుంది. హేలీలోని పరిశీలకులు సూర్యుడు కనిపించే నెలలలో ఈ కొలతలు తీస్తూ, ఏటికేడు అంకెలు పేర్చుకుంటూ వచ్చారు. ఆ రోజులలో దీనివల్ల ఫలానా ప్రయోజనమున్నదని ఎవరూ చెప్పగలిగి ఉండరు.

అంకెలు చెప్పిన వార్త

1970ల చివరి నుండి ఆ అంకెలు మారసాగినవి. అక్టోబరు నెల సగటు తొలినాళ్లలో 300 యూనిట్లకు దగ్గరగా ఉండేది. 1984 నాటికి సుమారు 200కు దిగింది. దక్షిణార్ధగోళములో అక్టోబరు వసంతకాలమని విద్యార్థులు గుర్తుంచుకోవాలి. పరికరము పాతబడినదేమో అన్న అనుమానముతో మరొక పరికరాన్ని పంపారు. అదీ ఆ మాటే చెప్పింది. అప్పుడు జోసెఫ్ ఫార్మన్, బ్రయన్ గార్డినర్, జోనాథన్ షాంక్లిన్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు 1985 మే నెలలో ‘నేచర్’ పత్రికలో ఈ సంగతిని ప్రకటించారు.

అమెరికా ఉపగ్రహము కూడా అప్పటికే ఓజోనును కొలుస్తూనే ఉన్నది. కాని మరీ తక్కువైన అంకెలను అనుమానాస్పదమైనవిగా గుర్తించి పక్కన ఉంచారు. వాటిని తిరిగి పరిశీలించగా, ఈ క్షీణత ఖండమంతటి విస్తీర్ణములో కనిపించింది. అదే ‘ఓజోను రంధ్రము’.

దీనికి కారణము మనము తయారుచేసిన వస్తువులే. శీతలయంత్రాలలోను, తుంపరలు చిమ్మే డబ్బాలలోను వాడిన క్లోరోఫ్లోరోకార్బనులు ఓజోనును హరిస్తాయని 1974లోనే మొలీనా, రోలండ్ హెచ్చరించారు. కాని ధ్రువప్రాంతములో ఇంత త్వరగా, ఇంత తీవ్రముగా జరుగుతుందని ఎవరూ ఊహించలేదు. ధ్రువశీతాకాలములో పై పొరలు సున్నకు 78 డిగ్రీలకు దిగువన చల్లబడినప్పుడు అక్కడ పలుచని మేఘాలు ఏర్పడతాయి. ఆ మేఘకణాల మీద క్లోరిను తన సంయోగపదార్థాల నుండి విడుదలకు సిద్ధమవుతుంది. వసంతములో ఎండ తగలగానే విడివడి, ఒక్కొక్క పరమాణువు వేలకొలది ఓజోను అణువులను విచ్ఛిన్నము చేస్తుంది.

1987 సెప్టెంబరు 16న మాంట్రియల్ నగరములో వివిధ దేశాలు ఒక ఒప్పందము చేసుకొని ఈ పదార్థాల ఉత్పత్తిని అదుపుచేశాయి. తరువాత ప్రపంచ దేశాలన్నీ అందులో చేరాయి. ఒప్పందము ఇట్లే అమలు జరిగితే, అంటార్కిటికాపై ఓజోను సుమారు 2066 నాటికి 1980 నాటి స్థితికి చేరుకోగలదని 2022లో శాస్త్రజ్ఞులు అంచనా కట్టారు.

నేటి హేలీ

2012లో పని ప్రారంభించిన ఆరవ కేంద్రానికి ఎత్తగలిగే కాళ్లు, వాటికింద మంచుపై జారే స్కీలు ఉన్నాయి. హిమఫలకము బీటలువారగా 2016-17లో దానిని 23 కిలోమీటర్ల దూరానికి లాగుకొనిపోయారు. 2017 నుండి శీతాకాలములో అక్కడ మనుష్యులు ఉండడము లేదు. తమంతట తామే పనిచేసే యంత్రాలను అమర్చారు. 2023 జనవరిలో సుమారు 1,550 చదరపు కిలోమీటర్ల మంచుగడ్డ ఆ ఫలకము నుండి విడిపోయింది.

కనుక ఈ ‘శాశ్వత’ కేంద్రములో శాశ్వతమైనది కట్టడము కాదు, కొలతల వరుస. 1950లలో 300 అన్న అంకె వ్రాసి ఉండకపోతే, 1984లో 200 అన్న అంకెకు అర్థమే ఉండేది కాదు. మామూలు ఎంతో తెలియనివానికి తగ్గుదల ఎట్లా తెలుస్తుంది? మన పాఠశాలలో వర్షమాపకము ఉంటే, దాని అంకెను రోజూ తప్పక వ్రాసిపెట్టే విద్యార్థి కూడా ఈ పనిలో భాగస్వామియే.