విభవ సంవత్సరపు గ్రహణము, బందరు తీరము

కృష్ణానది పాయలుగా చీలి సముద్రమును చేరు దిగువసీమలో, బందరుకు పడమట, ఒకప్పటి దివి తాలూకాకు చెందిన ఘంటసాల యను ప్రాచీన గ్రామము కలదు. క్రీస్తుశకము రెండవ శతాబ్దమున టాలమీ తన భూగోళ గ్రంథమున పేర్కొన్న కొంటకోస్సిల యను వర్తకస్థానము ఇదియేయని చరిత్రకారులు గుర్తించిరి. పందొమ్మిదవ శతాబ్దము చివర అలెగ్జాండర్ రీ భట్టిప్రోలు, గుడివాడ స్తూపములతోపాటు ఇచటి మహాచైత్యమును కూడ పరిశీలించి గ్రంథస్థము చేసెను. నౌకావర్తకుల దానములతో పెరిగిన ఈ చైత్యముల నీడను నివసించిన భిక్షువులకు, సృష్టిని గూర్చిన ప్రశ్నలు కొత్తవి కావు. లోకము శాశ్వతమా, అశాశ్వతమా. దానికి అంతము కలదా, లేదా యని శిష్యులడిగినప్పుడు బుద్ధుడు ఉత్తరమీయక మౌనము వహించెనని వారి ఆగమములు చెప్పును. అట్టి ప్రశ్నలను అవ్యాకృతములని పేర్కొని, సంస్కృత సంప్రదాయము వారు వానిని పదునాలుగింటిగా లెక్కించిరి. దుఃఖనివృత్తికి ఉపకరింపని విచారణలో ఆయువు వ్యయము చేయవలదనుటయే ఆ మౌనమునకు వారు చెప్పుకొన్న కారణము.

ఆ మౌనము గౌరవింపదగినదే. అయినను మానవుడు అడుగుట మానలేదు. మానక అడిగినవాడు ఏ మార్గమున కొంత ఉత్తరము సంపాదింపగలిగెనో తెలిపెడి ఒక ఘట్టము, ఘంటసాలకు కొలది దూరములోనే, బందరులో జరిగినది. దానిని మనవారు తగినంతగా స్మరింపకపోవుట నాకు కష్టముగా తోచును.

ఆనాటి బందరు దుఃఖములో నున్న పట్టణము. డచ్చివారును, 1611లో ఇంగ్లీషువారును, పిదప ఫ్రెంచివారును కలంకారీ వస్త్రములకై వచ్చి గిడ్డంగులు కట్టిన ఆ రేవును 1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెన ముంచివైచి, సుమారు 30,000 ప్రాణములను హరించెను. ఆ శోకమునకు నాలుగేండ్లు నిండకమునుపే, 1868 ఆగస్టు 18, మంగళవారమునాడు, సూర్యుడు ఆ తీరమున సంపూర్ణముగా గ్రస్తుడు కానుండెను. మన లెక్కలో అది విభవ నామ సంవత్సర శ్రావణ బహుళ అమావాస్య. తల్లులు కందమొక్కకు పూజచేసి బిడ్డల క్షేమము కోరుకొను పోలాల అమావాస్య. పట్టుస్నానము, విడుపుస్నానము, ఊరగాయ జాడీలపై దర్భలు, గర్భిణులు వెలుపలికి రాకుండుట—గ్రహణమునకు మన గృహములు చేసికొను సన్నాహము ఇట్టిది. ఆ దినమునకే జ్యోతిశ్శాస్త్రజ్ఞులు చేసికొన్న సన్నాహము మరియొక విధమైనది.

చంద్రచ్ఛాయ ఏడెన్ మీదుగా వచ్చి, దక్కను దాటి, కృష్ణా ముఖద్వార ప్రాంతమున సముద్రముపైకి వెడలి, సయాము దేశము వైపు సాగునని గణితము తెలిపెను. గ్రహణము మిక్కిలి దీర్ఘమైనది. మన తీరమున సంపూర్ణగ్రాసము అయిదు నిమిషములకు మించి నిలుచును. అందుచే ఫ్రాన్సునుండి జాన్సెన్ అను పండితుడు గుంటూరు చేరెను. ఇంగ్లీషు పక్షమున మేజర్ టెనెంట్ కూడ అచటనే విడిసెను. మద్రాసు నక్షత్రశాలలో ఉద్యోగియైన చింతామణి రఘునాథాచార్యులు వనపర్తికి వెళ్ళెను. ఆ నక్షత్రశాలకు అధిపతియు, నక్షత్రముల ప్రకాశమును కొలుచుటకు నేడును వాడుకలోనున్న ప్రమాణమును 1856లో ప్రతిపాదించిన వాడును అగు నార్మన్ పాగ్సన్ బందరును ఎన్నుకొనెను.

వారు పరిష్కరింపదలచిన ప్రశ్న విశ్వమంత పెద్దది కాదు. సంపూర్ణగ్రాస సమయమున చంద్రబింబపు అంచున ఎఱ్ఱని జ్వాలాశిఖలు కొన్ని లేచి కనబడును. అవి దేనితో చేయబడినవి? ఇంతమాత్రమే ప్రశ్న. సమాధానమునకు సాధనము చేతికి వచ్చి పదియేండ్లు కూడ కాలేదు. ప్రతి మూలకమును వేడిచేసినపుడు తనకు మాత్రమే చెల్లు కాంతిరేఖలను వెలువరించునని కిర్కాఫ్, బున్‌సెన్ అను జర్మను పండితులు 1859లో స్థాపించియుండిరి. సన్నని చీలికగుండ వెలుగును పోనిచ్చి, పట్టకముచే విడదీసి, ఏ రేఖ యెచట నిలిచినదో చూచినచో, కోట్ల మైళ్ళ దూరమునందున్న పదార్థపు స్వభావమును భూమిపై కూర్చుండియే చెప్పవచ్చును.

ఆ యుదయమున బింబము పూర్తిగా మరుగుపడగానే, గుంటూరునందును బందరునందును వర్ణపటములో కాంతిరేఖలు వెలిగెను. జ్వాలాశిఖలు మండుచున్న వాయువులనియు, వానిలో ఉదజని ముఖ్యమనియు తేలిపోయెను. పాగ్సన్ చూచిన రేఖలలో ఒకటి పసుపువన్నెది. ఉప్పును మంటలో వేసినపుడు కానవచ్చు సోడియము రేఖ వంటిదే, దానికి మిక్కిలి సమీపమున నున్నదే. కాని అది సరిగా దానితో ఏకీభవించినట్లు ఆయనకు తోచలేదు. నేటి కొలతలలో సోడియము జంటరేఖలు 589.0, 589.6 నానోమీటర్ల వద్ద నుండును. ఈ కొత్త రేఖ 587.6 వద్ద నుండును. కొన్ని నిమిషములలో ముగియు దృశ్యమున, చిన్న పరికరముతో, ఇంత స్వల్పభేదమును గూర్చి సందేహించుటయే ఆ శాస్త్రజ్ఞుని ఘనత.

జాన్సెన్ మరునాడే గ్రహణము లేకుండగనే ఆ శిఖలను చూచు ఉపాయము కనుగొనెను; లండనులో లాకియర్ అక్టోబరు 20న స్వతంత్రముగా అదియే సాధించెను. ఇరువురి లేఖలును అక్టోబరు 26న పారిసు అకాడమీ సభ ముందునకు వచ్చినవి. పసుపు రేఖ భూమిపై తెలిసిన యే పదార్థమునకును చెందదని లాకియర్ వాదించి, సూర్యుని పేర దానికి హీలియమని నామకరణము చేసెను. పలువురు నమ్మలేదు. 1895లో విలియం రామ్సే ఒక యురేనియము ఖనిజమునుండి అదే వాయువును వెలికిదీసిన పిదపగాని వివాదము ముగియలేదు. పాగ్సన్ నివేదిక మద్రాసున ప్రచురింపబడి, విజ్ఞానపత్రికల కెక్కక మరుగున పడుటచే, ఈ కథలో బందరు పేరు గుంటూరంతగా నిలువలేదు.

ఇంతవరకు ఇది ఒక వాయువు చరిత్ర. కాని అన్నము ఉడికినదో లేదో ఒక మెతుకు పట్టి చూచినట్లు, ఈ వాయువుచేతనే తరువాతి తరమువారు సృష్టిని పరీక్షించిరి. విశ్వమునందలి సామాన్య పదార్థపు భారములో సుమారు నాలుగవవంతు హీలియము. నక్షత్రములు ఉదజనిని కలిపి హీలియమును చేయుచున్నమాట నిజమే; అయినను ఇంత రాశిని అవి మాత్రమే తయారుచేసియుండుట పొసగదు. విశ్వము మిక్కిలి వేడిగా, సాంద్రముగా నున్న తొలి కొన్ని నిమిషములలోనే అధికభాగము ఏర్పడియుండవలెనని 1948 మొదలు గామో, ఆల్ఫర్, పిదప హాయిల్, టేలర్ ప్రభృతులు గణించిరి. 1965లో పెంజియాస్, విల్సన్ ఆనాటి ఉష్ణశేషమును ఆకాశమంతట వ్యాపించిన సూక్ష్మతరంగముల రూపమున కనుగొనిరి. లెక్కయు పరిశీలనయు కలిసినవి. విశ్వపు వయస్సు 1380 కోట్ల సంవత్సరములని నేడు చెప్పగలుగుచున్నాము.

అటులని ప్రశ్న తీరలేదు. హీలియము విషయమున సరిపోయిన లెక్క లిథియము విషయమున సరిపోక, ప్రాచీన నక్షత్రములందు కనబడుదాని కంటె మూడింతల హెచ్చును చూపుచున్నది. పదార్థమునకు ప్రతిగా పుట్టవలసిన ప్రతిపదార్థము ఏమైనది? మనకు తెలిసిన అణువులతో చేయబడినది విశ్వములో 5 శాతమే కాగా, 27 శాతముగ లెక్కకు వచ్చు కృష్ణపదార్థమేమి, 68 శాతముగ తేలిన కృష్ణశక్తి యేమి? తొలి క్షణమునకు మూలమేమి? విశ్వము అంతవంతమా, అనంతమా యని అడిగినచో, నేటి పండితుడు తన దృష్టికి అందు భాగము ఇంతయని చెప్పునే గాని, అవతలి సంగతి చెప్పలేడు. ఘంటసాల భిక్షువులు వల్లెవేసిన ప్రశ్న అక్షరము మారక నేటికిని నిలిచియున్నది.

అయినను మన స్థితి వారి స్థితి కాదు. వారు మొత్తమును గూర్చి అడిగి ఆగిపోయిరి. బందరున పాగ్సన్ ఒక జ్వాలలోని ఒక రేఖను గూర్చి అడిగెను, ఆ రేఖ విశ్వపు తొలి నిమిషములదాక దారి చూపెను. తన చేతి పరికరమునకు అందునంత ప్రశ్ననే ఎన్నుకొని, దొరికిన కొలతను అబద్ధమాడక వ్రాసిపెట్టుటయే ఆనాటి పాఠము. ఉప్పెనల పేర, కలంకారీ పేర, పాత రేవు పేర చరిత్ర చెప్పుకొను బందరువారు, గుడివాడ, అవనిగడ్డ పాఠశాలల బాలబాలికలకు ఈ ప్రకరణమును కూడ కలిపి చెప్పవలెనని నా విన్నపము. కృష్ణపదార్థపు రహస్యమును విప్పు రేఖను రేపు చూడబోవువారు ఆ బల్లలపైననే కూర్చుండియుండవచ్చును. వారి సీమ ఇట్టి పనిలో ముందే పాలుపంచుకొన్నదని వారు ఎరుగుట న్యాయము.