తండా బోరింగు మీద హక్కు ఎవరిది? ధర్పల్లి దిక్కు బావులు, పాయఖానా గుంతలు, చట్టాల చరిత్ర

పోస్టు కొంచెం పెద్దది. ఓపికతో చదవండి, ఇంట్లో చదువు రాని పెద్దోళ్లకు చదివి వినిపించండి.

ఎండాకాలం వస్తే ధర్పల్లి, సిరికొండ, ఇందల్వాయి దిక్కు తండాల్లో రెండు పంచాయితీలు మామూలు. పక్క పొలపాయన కొత్త బోరు వేసిండు, మన బోరింగు ఎండిపోయింది అనేది ఒకటి. పక్కింటోళ్ల పాయఖానా గుంత బోరింగుకు దగ్గరుంది, నీళ్లు వాసన వస్తున్నయి అనేది ఇంకొకటి. ఇవి ఇద్దరు ముగ్గురి మధ్య తిట్లతో మొదలై తిట్లతోనే ఆగిపోతయి. ఈ రెండు గొడవలకూ చట్టం ఉందని మా హాస్టల్లో చాలామందికి తెలియదు. మా అమ్మానాయనలకు చెప్పినోళ్లు అసలే లేరు. అందుకే ఇది రాస్తున్నం.

నిజామాబాద్ జిల్లా నీళ్ల చరిత్ర అంటే పుస్తకాల్లో నిజాంసాగర్ చరిత్రే. మంజీర నది మీద 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తి చేసిన్రు. ఇంజినీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. ఆ కాలువ కిందనే బోధన్ చెరుకు పండింది, 1930ల చివర్లో శక్కర్‌నగర్‌లో చక్కెర ఫ్యాక్టరీ లేచింది. అక్కడ నీళ్లు సర్కారువి. ఎవరి పొలానికి ఎప్పుడు పారాలో ఇరిగేషన్ ఆఫీసు చెప్పేది. మన ధర్పల్లి దిక్కు అట్ల కాదు. రామడుగు ప్రాజెక్టు ఉన్నా, గుట్టల పక్కన ఎత్తు మీదున్న తండాలకు కాలువ ఎక్కదు. ఇక్కడ చెరువు, బావి, తర్వాత బోరు, అంతే. బావి అంటే భూమి ఉన్నోడి సొంతం. ఒకే జిల్లాలో ఒక దిక్కు నీళ్లకు సర్కారు లెక్క ఉంటే, ఇంకో దిక్కు పట్టాదారు ఇష్టం నడిచింది.

ఈ పట్టాదారు ఇష్టం ఎక్కడి నుంచి వచ్చింది? బ్రిటిష్ ఇండియాలో 1882లో ఈజ్‌మెంట్స్ చట్టం వచ్చింది. తన భూమి కింద ఒక దారంటూ లేకుండా ఊరే నీటిని తన హద్దుల్లో తోడుకునే హక్కు భూమి యజమానికి ఉంటుందని అందులో రాసిన్రు. అప్పటికి ఇంగ్లాండు కోర్టులు చెప్తున్న మాట కూడా అదే. భూమి కింద నీళ్లు ఎట్ల పోతయో ఎవరికీ కనిపించదు కాబట్టి యజమానికే వదిలేద్దాం అన్నరు. చేతితో తవ్విన బావి, ఎడ్లతో కొట్టే మోట ఉన్న రోజుల్లో దీంతో పెద్ద నష్టం లేదు. మోటతో ఎంత తోడగలడు? కానీ భూమి లేనోడికి ఆ చట్టంలో నీళ్లే లేవు. తండాలో పట్టా లేనోళ్లు ఎంతమందో మనకు తెలుసు కదా.

బావుల్లో సర్కారు నిజంగా చెయ్యి పెట్టింది ఎక్కువగా రోగాల వల్ల. లండన్‌లో 1854లో కలరా వచ్చినప్పుడు జాన్ స్నో అనే డాక్టరు చనిపోయినోళ్ల ఇండ్లను మ్యాపు మీద గుర్తులు పెట్టి చూసిండు. వాటిలో చాలావరకు బ్రాడ్ స్ట్రీట్‌లోని ఒక చేతి పంపు చుట్టే ఉన్నయి. ఆ పంపు పక్కనే ఒక ఇంటి మురికి గుంత కారుతున్నదని తర్వాత తేలింది. మన తండా గొడవ కూడా అచ్చం అదే. మన దేశంలో మద్రాసు రాష్ట్రం 1939లో ప్రజారోగ్య చట్టం చేసింది. తాగే బావి పాడైతే బాగు చేయమని, లేకుంటే మూయమని యజమానికి చెప్పే అధికారం స్థానిక సంస్థలకు వచ్చింది. మనం అప్పటికి నిజాం పాలనలో ఉన్నం కాబట్టి అది మన దగ్గర నడవలేదు.

మనకు దగ్గరి కథ నారికురుపుది. మన పెద్దోళ్లను అడగండి, చెప్తరు. కాలు పుండులోంచి దారం లాంటి పురుగు బయటికి వచ్చేది. ఆ కాలుతో దిగుడు బావిలో దిగితే పురుగు పిల్లలు నీళ్లలో పడేవి. వాటిని కంటికి సరిగా కనిపించని నీటి పురుగులు తినేవి. ఆ నీళ్లు తాగినోళ్లకు దాదాపు ఏడాదికి మళ్లీ అదే పుండు. 1980ల్లో దేశమంతా దీని మీద కార్యక్రమం నడిచింది. దిగుడు బావులను చేద బావులుగా మార్చిన్రు, నీళ్లను బట్టతో వడకట్టుకోమన్నరు, ఊళ్లలో బోరింగులు వేసిన్రు. దేశంలో ఆఖరి కేసు 1996లో రాజస్థాన్‌లో వచ్చింది, 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశానికి సర్టిఫికెట్ ఇచ్చింది. మందు, టీకా లేకుండా, బావి మెట్లు మూసి, నీళ్లు వడకట్టి పోగొట్టిన రోగం ఇది.

తర్వాత బోరు బండ్లు వచ్చినయి. గట్టి రాయిలోనూ వందల ఫీట్లు దిగే రిగ్గులు. 2004 నుంచి వ్యవసాయానికి ఉచిత కరెంటు కూడా తోడైంది. అది రైతుకు మేలే, మనోళ్లకూ మేలే. కానీ లోతుకు పోగలిగినోడికే నీళ్లు అన్నట్టు అయింది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1996లో తాగునీటి కోసం భూగర్భ జలాల చట్టం చేసిన్రు. దాని జాగాలో 2002లో వాల్టా వచ్చింది. వాల్టా అంటే నీరు, భూమి, చెట్ల చట్టం. తెలంగాణ వచ్చినంక కూడా అదే నడుస్తున్నది. ఇక్కడ జాగ్రత్తగా చదవండి. దీని ప్రకారం బావులు, బోర్లు రిజిస్టర్ చేయాలి. బోరు బండి కూడా రిజిస్టర్ అయి ఉండాలి. ఊరి తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపల సాగు కోసం అనుమతి లేకుండా కొత్త బోరు వెయ్యొద్దు. భూగర్భ జలాన్ని ఎవరూ పాడుచేయొద్దు, మురికి నీళ్లను నేరుగా దాంట్లోకి వదలొద్దు. అంటే మన రెండు పంచాయితీలూ ఒక్క చట్టంలోనే ఉన్నయి. మండలంలో దీన్ని చూడాల్సింది తహసీల్దార్ అధ్యక్షుడిగా ఉన్న కమిటీ. మా మాట అడిగితే, చట్టం మంచిదే, అమలే కాగితం మీద ఉంది. రాత్రి బోరు బండి వస్తది, తెల్లారేసరికి పోతది.

పాయఖానాల సంగతి ఇంకా సున్నితం. 2014లో స్వచ్ఛ భారత్ మొదలైంది, ఇంటికి 12,000 రూపాయలు ఇచ్చిన్రు. మన ఆడోళ్లకు అది చాలా పెద్ద మేలు, దాన్ని తక్కువ చేసి మాట్లాడం. అయితే రెండు గుంతల పద్ధతి కట్టాల్సిన చోట చాలామంది ఒకే లోతైన గుంత తవ్వించి రింగులు దింపిన్రు. రెండు గుంతలైతే ఒకటి నిండాక మూసి రెండోది వాడతరు, ఈలోపు మొదటిది ఎరువు అయితది. తాగునీటి బోరుకు, గుంతకు మధ్య కనీసం 10 మీటర్లు ఉండాలని ఇంజినీర్లు చెప్తరు. మన దిక్కు కింద పగుళ్ల రాయి, పగులులోంచి మురికి ఇంకా దూరం పోవచ్చు. ఇండ్లు అతుక్కొని ఉన్న తండాలో 10 మీటర్లు ఎక్కడ దొరుకుతయి? అందుకే గుంత తవ్వకముందే జాగా చూసి చెప్పేటోళ్లు కావాలి.

ఆ చెప్పేటోళ్లు ఇప్పుడు మనోళ్లే కావచ్చు. 2018 ఆగస్టులో తండాలు గ్రామ పంచాయతీలు అయినయి, రాష్ట్రంలో పంచాయతీలు 12,751కి పెరిగినయి. అంతకుముందు తండా అంటే పెద్ద ఊరికి తోక. మోరీ, బోరింగు అన్నీ ముందు అక్కడికే.

పంచాయతీకి ఎంత బలం ఉంటదో చూడాలంటే కేరళలోని ప్లాచిమడ గురించి చదవండి. 2002లో మయిలమ్మ అనే ఆదివాసీ అమ్మ, ఆమె వాడ ఆడోళ్లు మా బావులు పాడైనయని కోకా కోలా ఫ్యాక్టరీ ముందు కూర్చున్నరు. 2003లో పెరుమట్టి పంచాయతీ లైసెన్సు ఆపింది. భూగర్భ జలం అందరిదని హైకోర్టు ఒకసారి చెప్పింది, 2005లో పెద్ద బెంచ్ దాన్ని ఒప్పుకోలేదు. కానీ ఫ్యాక్టరీ 2004లో ఆగింది, మళ్లీ నడవలేదు.

ఇంకొక్కటి. నిజామాబాద్ జిల్లా ఐదో షెడ్యూల్ ప్రాంతం కాదు, కాబట్టి పెసా మనకు వర్తించదు. కానీ 2006 అటవీ హక్కుల చట్టం వర్తిస్తది. అందులో వ్యక్తిగత పట్టాల గురించే మనం మాట్లాడుకుంటం. సెక్షన్ 3(2) కూడా చూడండి. తాగునీటి సరఫరా, పైపులైను, చిన్న కుంట లాంటి వాటికి సర్కారు అడవి భూమి ఇయ్యొచ్చు. ఒక్కో పనికి ఒక హెక్టారు లోపు ఉండాలి, హెక్టారుకు 75 చెట్ల కంటే ఎక్కువ కొట్టొద్దు, గ్రామసభ సిఫారసు చేయాలి. ఫారెస్టు వాళ్లు ఆపుతరని అడగకుండా వదిలేసిన తండాలుంటే, ముందుగా రాయాల్సింది ఆ గ్రామసభ తీర్మానం. ఎట్ల రాయాలో తెలియకపోతే కామెంట్లో తండా పేరు పెట్టండి, హాస్టల్లో ఉన్న మేమందరం కూర్చొని రాసిస్తం.