అచ్చుకెక్కని మూడు నమూనాలు: బ్రిటిష్ తపాలా బిళ్ళ మీద ముఖం ప్రయాణం

బ్రిటిష్ తపాలా బిళ్ళ మీద దేశం పేరు ఉండదు. 1840 మేలో పెన్నీ బ్లాక్ వచ్చిన నాటి నుంచీ ఆ పని చేస్తున్నది రాజుదో రాణిదో ముఖం. ఈ బిళ్ళల కళ గురించి రాసినవారు సాధారణంగా అచ్చయిన బిళ్ళలనే వరసగా పెట్టి చూస్తారు. పక్కన పెట్టేసిన నమూనాలను కూడా వాటి సరసన ఉంచితేనే అసలు కథ తెలుస్తుందని నా ప్రతిపాదన. ముఖం బిళ్ళ మీదికి రావడం, చుట్టూ ఉన్న అలంకారాన్ని విడిచిపెట్టడం, చివరికి ఒక అంచుకు ఒదగడం అనే మూడు మలుపులకూ దారి చూపినవి ఉన్నవి ఉన్నట్టుగా అచ్చుకెక్కని నమూనాలే.

మొదటిది 1839 నాటిది. తపాలా సంస్కరణకు ఆద్యుడైన రోలండ్ హిల్ పథకాన్ని అమలు చేయడానికి బ్రిటిష్ ఖజానా శాఖ ప్రజల నుంచి సూచనలు కోరింది. దాదాపు 2,600 వచ్చాయి. నలుగురికి తలా వంద పౌండ్ల బహుమతి ఇచ్చారు గానీ ఏ ఒక్కరి నమూనానూ యథాతథంగా అచ్చు వేయలేదు. ఆ నలుగురిలో ఒకరు శిల్పి బెంజమిన్ చెవర్టన్. ఆయన నమూనా కన్నా దానికి ఆయన చెప్పిన కారణం విలువైనది. మనిషి కన్ను ముఖాలను గుర్తుపట్టడంలో ఆరితేరింది. పువ్వులోనో తీగలోనో ఒక గీత తేడా వస్తే ఎవరూ గమనించరు. అదే ముఖంలో వెంట్రుకవాసి తేడా వచ్చినా ఇట్టే పసిగడతారు. కాబట్టి నకిలీని అడ్డుకోవడానికి ముఖాన్ని మించిన కాపలా లేదన్నది ఆయన వాదం. అంటే రాణి ముఖం బిళ్ళ మీదికి రావడంలో రాజభక్తితో పాటు నకిలీల భయం కూడా పనిచేసింది.

పెన్నీ బ్లాక్‌ను భూతద్దం కింద పెట్టి చూస్తే ఈ ఆలోచన ఎంత లోతుగా దిగిందో అర్థమవుతుంది. విలియం వైయన్ చేసిన పతకంలోని విక్టోరియా తలను హెన్రీ కార్బోల్డ్ గీతల్లోకి దింపితే, చార్లెస్ హీత్, ఆయన కొడుకు ఫ్రెడరిక్ దాన్ని ఉక్కు మీద చెక్కారు. చెంప మీది నీడ సన్నని గీతల అల్లిక. వెనకనున్న నల్లటి తలం యంత్రంతో తిప్పిన వలయాల వల. చేత్తో అలాంటి వల గీయడం దాదాపు అసాధ్యం. కింది రెండు మూలల్లో ఉన్న అక్షరాలు 240 బిళ్ళల పలకలో ఆ బిళ్ళ స్థానాన్ని చెబుతాయి. కళ, కాపలా ఒకే గీతలో కలిసిపోయిన పని అది. అదే సమయంలో వచ్చిన విలియం ముల్రెడీ కవరు గతి వేరు. బ్రిటానియా దేవత నలుదిక్కులకూ దూతలను పంపుతున్న ఆ ఆడంబరమైన బొమ్మను జనం ఎంతగా ఎగతాళి చేశారంటే, తపాలా శాఖ దాన్ని ఉపసంహరించుకోవలసి వచ్చింది.

రెండో మలుపు 1936లో. అంతకుముందు ఐదవ జార్జి బిళ్ళల్లో ముఖం చుట్టూ డాల్ఫిన్లు, సింహం, ఆకుల దండలు కిక్కిరిసి ఉండేవి. టార్కీ పట్టణానికి చెందిన హెచ్. జె. బ్రౌన్, ఇరవై ఏళ్ళయినా నిండని కుర్రవాడు, ఎనిమిదవ ఎడ్వర్డు కోసం ఒక నమూనా పంపాడు. అందులో తల, కిరీటం, విలువ, అంతే. ఆ కాగితం అచ్చుకు పోలేదు. కానీ సెప్టెంబరులో హ్యూ సెసిల్ తీసిన ఫోటోతో వెలువడిన బిళ్ళ అమరిక బ్రౌన్ ఊహకు అచ్చంగా సరిపోయింది. ఇప్పుడు స్టాంపుల జాబితాలు రూపకర్తగా అతని పేరే రాస్తున్నాయి. ఆ తర్వాత ముప్పై ఏళ్ళు పూల చట్రాలు మళ్ళీ వచ్చాయి. రెండవ ఎలిజబెత్ రాణి ముఖంతో 1967 జూన్ 5న వచ్చిన ఆర్నల్డ్ మేచిన్ బిళ్ళతో ఆ నిరాడంబరత స్థిరపడింది. మేచిన్ గీయలేదు, ప్లాస్టర్‌లో చెక్కాడు. ఆ శిల్పాన్ని ఫోటో తీసి అచ్చు వేశారు. కాగితం మీద వెలుగు చెంప నుంచి మెడకు జారినట్టుంటుంది. నా దృష్టిలో ఇరవయ్యో శతాబ్దపు బిళ్ళల్లో దానికి సాటి లేదు.

అన్నిటికన్నా గట్టిగా వాదించదగినది మూడో మలుపు. 1964లో టోనీ బెన్ తపాలా మంత్రి కాగానే చిత్రకారుడు డేవిడ్ జెంటిల్‌మన్ ఆయనకు ఉత్తరం రాశాడు. బిళ్ళలకు ఎంచుకునే విషయాల పరిధి పెంచాలనీ, రాణి తల ఉన్నంతకాలం బొమ్మకు చోటు చాలదనీ దాని సారాంశం. తల బదులు దేశం పేరు వేసుకోవచ్చన్నాడు. ఇది అసాధ్యమేమీ కాదు. మన హైదరాబాదు సంస్థానం 1871 నాటి బిళ్ళల మీద తెలుగుతో సహా నాలుగు భాషల్లో విలువ వేసింది, నిజాం ముఖం వేయలేదు. 1965 మార్చిలో బెన్ తల లేని నమూనాలను బకింగ్‌హామ్ ప్రాసాదానికి పట్టుకెళ్ళి, నేల మీద పరిచి, మోకాళ్ళ మీద కూర్చుని రాణికి చూపించాడు. తల మాత్రం పోలేదు. బెన్ కోరిక మీద జెంటిల్‌మన్ తయారుచేసిన నమూనాల సంపుటి ప్రయోగంగానే మిగిలింది.

అయినా అది ఓటమి కాదు. నాణెం మీద మేరీ గిలిక్ చెక్కిన రాణి తలను జెంటిల్‌మన్ చిన్న ఛాయగా మార్చాడు. 1966లో హేస్టింగ్స్ యుద్ధం బిళ్ళల మీద అది పక్కకు ఒదిగింది. ఆరు బిళ్ళలు ఒకే వస్త్రపు పట్టీలా సాగుతాయి, చిల్లుల గీతలు కోసినా కన్ను ఆగదు. తల నడిమధ్యన ఉంటే ఈ పట్టీ సాధ్యమయ్యేది కాదు. 1969 ఆగస్టులో బిమన్ మల్లిక్ రూపొందించిన గాంధీ శతజయంతి బిళ్ళ కూడా ఈ సర్దుబాటుకు రుణపడిందే. సామ్రాజ్యాన్ని ఎదిరించిన మనిషి రూపం పెద్దది, రాణి ఛాయ చిన్నది.

అప్పటికే, అంటే 1968 నుంచి, ఆ ఛాయను మేచిన్ శిల్పం నుంచి తీసుకోవడం మొదలుపెట్టారు. 1976లో జెంటిల్‌మన్ సంఘ సంస్కర్తల వరస గీశాడు. హెప్‌బర్న్, ఓవెన్, షాఫ్ట్స్‌బరీ, ఎలిజబెత్ ఫ్రై, ఈ నలుగురిలో ఎవరి ముఖమూ వేయలేదు. బొగ్గు తవ్వే చేతులు, యంత్రం దగ్గర చేతులు, పొగగొట్టం శుభ్రం చేసే చేతులు, జైలు ఊచలు బిగించి పట్టుకున్న చేతులు. సంస్కర్తలు ఎవరి కోసం పనిచేశారో వాళ్ళ చేతులవి. ఆ నాలుగు బిళ్ళల్లోనూ కనిపించే ముఖం పైన ఒక పక్కగా నిలిచిన రాణి ఛాయ ఒక్కటే.