మగవాళ్ళకు ఘోషా

లోకాన్ని తలకిందులు చేసి చూపించడం హాస్యానికి చాలా పాత విద్య. నౌకరు యజమాని అవుతాడు, యజమాని నౌకరవుతాడు. జనం కడుపుబ్బ నవ్వుతారు. ఆట ముగిశాక ఎవరి చోటికి వాళ్ళు వెళ్ళిపోతారు. మగవాణ్ణి ఇంట్లో కూచోబెట్టి ఆడమనిషికి అధికారం అప్పగించే హాస్యం కూడా ఈ తరహాదే. టెలివిజన్ వచ్చాక అది ఇంటింటికీ చేరింది. ఈ నవ్వు వినిపించిన ప్రతిసారీ మనం అడగవలసిన ప్రశ్న ఒకటి వుంది. ఇక్కడ నవ్వుతున్నది ఎవరు? ఎవర్ని చూసి? స్త్రీలందరికీ ముఖ్యమైన ప్రశ్నే ఇది. ముస్లిం స్త్రీకి మాత్రం రెండింతలు ముఖ్యం. ఆమె మీద బయటివాళ్ళూ నవ్వుతారు, ఇంట్లోవాళ్ళూ నవ్వుతారు. ఆమె నవ్విన సంగతి మాత్రం చరిత్రలో ఎక్కడో మూలన పడి వుంటుంది.

ముందు బయటివాళ్ళ నవ్వు చూద్దాం. 1980లో బి.బి.సి. టెలివిజన్ 'ది టూ రోనీస్' కార్యక్రమంలో 'ది వర్మ్ దట్ టర్న్‌డ్' అనే ధారావాహిక ఎనిమిది భాగాలుగా ప్రసారమయింది. తొక్కగా తొక్కగా వానపాము కూడా ఎదురు తిరుగుతుందనే ఇంగ్లీషు సామెతలోంచి తీసిన పేరు అది. కథ జరిగేది 2012లో. ఇంగ్లండుని స్త్రీలు పాలిస్తుంటారు. మగవాళ్ళు గౌన్లు తొడుక్కుని, ఆడపేర్లు పెట్టుకుని, ఇంటి చాకిరీ చేస్తుంటారు. రోనీ బార్కర్, రోనీ కార్బెట్‌ల పాత్రల పేర్లు బెట్టీ, జానెట్. పొట్టి నిక్కర్లూ, బూట్లూ వేసుకున్న ఆడపోలీసులు వీధుల్లో కాపలా కాస్తారు. వాళ్ళ అధికారిణి డయానా డోర్స్. గడియార స్తంభం బిగ్ బెన్ 'బిగ్ బ్రెండా' అవుతుంది. జాతీయ పతాకం యూనియన్ జాక్ 'యూనియన్ జిల్' అవుతుంది. కథానాయకులిద్దరూ ఎలాగైనా తప్పించుకుని, మగవాళ్ళు మగవాళ్ళుగా బతకగలిగే వేల్స్‌కి పారిపోవాలని చూస్తారు.

ఈ హాస్యం పుట్టిన సమయం చూడండి. 1979 మే నెలలో మార్గరెట్ థాచర్ బ్రిటన్‌కి మొదటి మహిళా ప్రధాని అయింది. 1970లో సమాన వేతన చట్టం వచ్చింది. ఆ చట్టాన్ని తెచ్చిన మంత్రి బార్బరా కాజిల్. టీవీ కథలో లండన్ టవర్‌కి పెట్టిన కొత్త పేరు కూడా 'బార్బరా కాజిల్' అనే. కాజిల్ అంటే కోట కాబట్టి అదొక మాటల గారడీ. కానీ స్త్రీలకి సమాన కూలి ఇప్పించిన మనిషి పేరుని తీసుకుపోయి, శతాబ్దాలపాటు జైలుగా వాడిన కోటకి తగిలించారు. నవ్వు లోపల భయం వుంది. స్త్రీలకి సమానత్వం ఇస్తే మన మెడకి గొలుసులు పడతాయనే భయం. అసలు సంగతేమిటంటే, 1979 ఎన్నికల్లో బ్రిటిష్ కామన్స్ సభలోని 635 మందిలో స్త్రీలు 19 మందే. థాచర్ మొదటి మంత్రివర్గంలో ఆమె తప్ప మరో స్త్రీ లేదు. టీవీ జోస్యం చెప్పిన 2012 రానే వచ్చింది. అప్పటి సభలో స్త్రీలు 2010లో గెలిచిన 143 మంది, మొత్తం 650లో. ప్రధాని మగవాడే. అధికారం చేతిలో వున్నవాడు తనే బాధితుడి వేషం వేసుకుంటే హాస్యం ఎలా వుంటుందో దీన్ని చూసి తెలుసుకోవచ్చు.

ఈ ధారావాహికకి 75 ఏళ్ళ ముందే ఇదే తలకిందుల ఆటని ఒక ముస్లిం స్త్రీ ఆడింది. 1905లో మద్రాసు నుంచి వెలువడే 'ఇండియన్ లేడీస్ మ్యాగజైన్' అనే ఇంగ్లీషు పత్రికలో 'సుల్తానాస్ డ్రీమ్' అనే కథ అచ్చయింది. రాసింది బెంగాల్‌కి చెందిన రొకేయా సఖావత్ హుసేన్. అచ్చువేసిన సంపాదకురాలు కమలా సత్యనాథన్, మన రాజమండ్రి ప్రాంతంలో పుట్టిన క్రైస్తవ స్త్రీ. బెంగాలీ ముస్లిం స్త్రీ ఇంగ్లీషులో రాసిన కథని తెలుగు క్రైస్తవ స్త్రీ తమిళ నగరంలో అచ్చువేసింది. మన సాహిత్య చరిత్రలు ఈ ముచ్చటకి ఇవ్వవలసిన చోటు ఇవ్వలేదు.

రొకేయా 1880లో రంగపూర్ జిల్లా పైరాబంద్‌లో జమీందారీ కుటుంబంలో పుట్టింది. ఆ ఇంట్లో అరబీ, ఫార్సీ, ఉర్దూ గౌరవమైన భాషలు. చుట్టూ జనం మాట్లాడే బెంగాలీ చిన్నచూపు భాష. ఆడపిల్లలకి ఇంగ్లీషు సంగతి ఇక చెప్పనే అక్కర్లేదు. అక్క కరీమున్నీసా దగ్గర బెంగాలీ నేర్చుకుంది. అందరూ నిద్రపోయాక అన్న ఇబ్రాహీం దగ్గర ఇంగ్లీషు నేర్చుకుంది. ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాష మాట్లాడే తెలుగు ముస్లింలకి ఈ కథ కొత్తగా అనిపించదు. ఏ భాషలో రాస్తే ఎవరివాళ్ళమవుతాం అనే చిక్కు మనకీ వుంది. ఆమె ఆ చిక్కుకి జవాబు వెతుకుతూ కూచోలేదు. మూడు భాషల్నీ వాడుకుంది.

ఇప్పుడు కథ సంగతి. సుల్తానా కుర్చీలో కునుకు తీస్తుంది. సిస్టర్ సారా అనే ఆమె వచ్చి బయటికి తీసుకుపోతుంది. పట్టపగలు, ముఖం మీద ముసుగు లేదు. సుల్తానాకి సిగ్గు ముంచుకొస్తుంది. దారిన పోయే స్త్రీలు ఆమెని చూసి నవ్వుతారు. ఎందుకని అడిగితే, నువ్వు అచ్చం మగవాడిలా వున్నావంటున్నారని సారా చెబుతుంది. ఆ దేశంలో మగవాడిలా వుండడం అంటే బెదిరిపోతూ, సిగ్గుపడుతూ, ఒదిగి ఒదిగి నడవడం. ఈ ఒక్క వేళాకోళం చాలు రొకేయా పనితనం తెలియడానికి. సిగ్గు ఆడదాని పుట్టుకలో వుందని చెప్పేవాళ్ళకి, లోపల పెట్టినవాళ్ళకే సిగ్గు వస్తుందని ఆమె చూపించింది.

ఆ దేశంలో జనానా లేదు, మర్దానా వుంది. అంటే ఘోషా మగవాళ్ళది. వాళ్ళు వంట చేస్తారు, పిల్లల్ని చూసుకుంటారు. ఇది ఎలా వచ్చిందో చెప్పిన తీరులోనే అసలు చురక వుంది. పొరుగు రాజు దండెత్తుతాడు. మగ సైన్యం ఓడిపోతుంది. దేశాన్ని కాపాడతామని స్త్రీల విశ్వవిద్యాలయం ముందుకొస్తుంది. ఒక షరతు పెడుతుంది. మేం బయటికి రావాలంటే మగవాళ్ళందరూ లోపలికి వెళ్ళాలి. లేకపోతే పరదా ఏం కావాలి? మర్యాద ఏం కావాలి? పరదా కోసం మగవాళ్ళు ఇన్నాళ్ళూ చెప్పిన మాటనే తీసుకుని, అదే మాటతో మగవాళ్ళని జనానాలోకి పంపించింది. ఆ తర్వాత రెండువేల మంది విద్యార్థినులు ఎండ వేడిని పోగుచేసి శత్రుసైన్యం మీదికి మళ్ళిస్తారు. ఒక్క కత్తి దూయకుండా యుద్ధం ముగుస్తుంది. బయటికి వదలమని కమిషనర్లూ మేజిస్ట్రేట్లూ అర్జీలు పెట్టుకుంటారు. రాణి వాటిని పక్కన పెడుతుంది. మగవాళ్ళు లోపలికి పోయాక నేరాలు ఆగిపోయాయి, ఇక పోలీసులూ మేజిస్ట్రేట్లూ ఎందుకు? రొకేయా భర్త సయ్యద్ సఖావత్ హుసేన్ భాగల్పూర్లో డిప్యూటీ మేజిస్ట్రేటు అని గుర్తుంచుకుని ఈ ముక్క చదవాలి. ఆయన కథంతా నిలబడే చదివి, ఇది భయంకరమైన పగ అన్నాడట. భార్యని చదవమనీ రాయమనీ ప్రోత్సహించిన మనిషి కాబట్టి ఆ మాటలో మెచ్చుకోలే ఎక్కువ.

బి.బి.సి. హాస్యానికీ దీనికీ తేడా ఇక్కడే వుంది. అక్కడ గౌను వేసుకున్న మగవాణ్ణి చూసి నవ్వాలి. ఆడబట్టలే అవమానమన్నట్టు. ఇక్కడ మగవాడి బట్టల మీద ఒక్క జోకు లేదు. అతని వాదాల మీదే జోకులన్నీ. మగవాడికి బలం ఎక్కువ అంటారా? సింహానికి ఇంకా ఎక్కువ, అది మనిషిని ఏలడం లేదే. మెదడు పెద్దది అంటారా? ఏనుగుది ఇంకా పెద్దది. ఆఫీసు పని రెండు గంటల్లో ఎలా అయిపోతుందంటే, చుట్టలు కాలుస్తూ గడిపే వేళని తీసేస్తే మిగిలేది అంతే. తలకిందులైంది మనుషులు కాదు, తర్కం.

మన ఉర్దూలో ఆడగొంతు పెట్టుకునే మగవాళ్ళకి కొదవ లేదు. 17వ శతాబ్దంలో బీజాపూర్ హాష్మీ దక్కనీలో స్త్రీ గొంతుతో గజళ్ళు రాశాడు. లక్నోలో రంగీన్, ఇన్షా ఆ రకం కవిత్వాన్ని రేఖ్తీ అన్నారు. జాన్ సాహెబ్ ముషాయిరాల్లో ఓఢ్నీ కప్పుకుని చదివేవాడట. జనానాలో ఆడవాళ్ళు మాట్లాడుకునే నుడికారం ఎంతో దానివల్ల మిగిలింది. నిజమే. కానీ సభలో కూచున్నది మగవాళ్ళు, ముచ్చటపడ్డది మగవాళ్ళు.

ఈ సంప్రదాయానికి పాకిస్తాన్ టెలివిజన్ కొత్త మలుపు ఇచ్చింది. 1977 నుంచి 1988 దాకా సాగిన జియా ఉల్ హక్ పాలనలో టీవీలో కనబడే స్త్రీలు తల మీద దుపట్టా కప్పుకోవాలని ఆజ్ఞ వుండేది. మెహతాబ్ చన్నా ఒప్పుకోలేదు, కార్యక్రమం పోగొట్టుకుంది. డబ్బు లావాదేవీల్లో ఒక మగవాడి సాక్ష్యానికి ఇద్దరు స్త్రీల సాక్ష్యం అనే చట్టం 1984లో వచ్చింది. దానికి వ్యతిరేకంగా 1983 ఫిబ్రవరి 12నే లాహోర్ వీధుల్లో స్త్రీలు లాఠీదెబ్బలు తిన్నారు. జియా చనిపోయాక, 1988 డిసెంబరులో బేనజీర్ ప్రధాని అయింది. 1990లో అదే పి.టి.వి.లో 'రోజీ' వచ్చింది. హాలీవుడ్ సినిమా 'టూట్సీ'ని అనుసరించి ఇమ్రాన్ అస్లం రాస్తే సాయిరా కాజ్మీ తీసింది. పని దొరకని నటుడు హారూన్ ఆడవేషం వేసి, రోజీగా టీవీలో పని సంపాదిస్తాడు. వేషం మొయిన్ అఖ్తర్‌ది. ఆడదాని జీవితం ఎలా వుంటుందో హారూన్‌కి అప్పుడు తెలుస్తుంది. మగవాళ్ళ చూపులు, చొరవలు, వెకిలి మాటలు. మొయిన్ అఖ్తర్ నడుము తిప్పి నవ్వించలేదు. ఉద్యోగం చేసుకునే మామూలు స్త్రీలాగే నిలబడ్డాడు. నవ్వు వెంటపడే మగవాళ్ళ మీద పడింది. 2005లో ఆజ్ టీవీలో అలీ సలీం చీర కట్టుకుని 'బేగం నవాజిష్ అలీ' అయ్యాడు. రాజకీయ నాయకుల్ని ఎదురుగా కూచోబెట్టుకుని, మగ విలేకరి నోట రాని ప్రశ్నల్ని ఒయ్యారంగా అడిగాడు. సైనిక పాలకుడు గద్దె మీద వున్న దేశంలో చీర ఒక మాస్కులా పనిచేసింది.

మరి మన దగ్గర? హిందీ సినిమాల్లో, తెలుగు సినిమాల్లో బురఖా ఎందుకు వస్తుంది? దొంగ తప్పించుకోడానికి. హీరో అమ్మాయిల మధ్యలో దూరడానికి. బురఖాలోంచి మీసం బయటపడగానే హాల్లో ఈలలు. బురఖాలో నిజంగా వుండే మనిషి ఆ సీనులో ఎక్కడా వుండదు. ఘోషా ముస్లింలకే చెందినట్టు మాట్లాడడం కూడా అలాంటిదే. ఆంధ్రలో రాజుల ఇళ్ళల్లో, జమీందారీ కుటుంబాల్లో ఘోషా పాటించిన సంగతి ముసలివాళ్ళకి తెలుసు. రొకేయా 1931లో ప్రచురించిన 'అవరోధ్ బాసినీ'లో పరదా కష్టాల ఉదంతాలు 47 వున్నాయి. అందులో గంగాస్నానానికి వెళ్ళి, మేలిముసుగులోంచి ముఖం కనబడక పరాయి మగవాడి వెంట నడిచిపోయిన హిందూ కోడలి కథ కూడా వుంది. ఆమె ఎవరినీ వదల్లేదు, ఎవర్నీ ఒంటరిగా బోనులో నిలబెట్టలేదు.

1985లో షాబానో తీర్పు వచ్చినప్పటి నుంచీ మన ఆలోచనాపరులు ఒక ఇరుకులో వున్నారు. లోపలి లోపం చెబితే బయటివాడికి ఆయుధం. చెప్పకపోతే లోపలివాడికి ధీమా. ఇంటి గుట్టు బయటపెట్టొద్దని పెద్దలంటారు. మీ ఆడవాళ్ళని మేం కాపాడతామని మెజారిటీ మతవాదులంటారు. ఇద్దరి మాటల్లోనూ స్త్రీ ఎవరి చేతిలోనో వస్తువు. రొకేయా ఈ ఇరుకుని వందేళ్ళ కిందటే దాటింది. 'సుల్తానాస్ డ్రీమ్' రాసిన ఆమే 'బోర్కా' అనే వ్యాసంలో బురఖాని సమర్థించింది. తను బురఖా వేసుకునే తిరిగింది. ఒంటి మీది గుడ్డ వేరు, నాలుగు గోడల నిర్బంధం వేరు అంది. వెనకబాటుకి కారణం బురఖా కాదు, చదువు లేకపోవడం అంది.

1909లో భర్త పోయాక ఆయన పేరిట భాగల్పూర్లో బడి పెట్టింది. 1911లో దాన్ని కలకత్తాకి మార్చింది. మూసిన బండిలో గాలాడక పిల్లలు సొమ్మసిల్లేవారు. పరదా గుడ్డలు కడితే గాలికి లేస్తున్నాయని బెదిరింపు ఉత్తరాలొచ్చాయి. ఆ రెంటి మధ్యా బండి నడిపింది. 1932 డిసెంబరు 9న చనిపోయేదాకా నడిపింది.

2022 ఫిబ్రవరిలో కర్ణాటక ప్రభుత్వ ఉత్తర్వుతో హిజాబ్ వేసుకున్న పిల్లలు కాలేజీ గేటు దగ్గర ఆగిపోయారు. మార్చి 15న హైకోర్టు ఆ ఉత్తర్వుని సమర్థించింది. అక్టోబరు 13న సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తులూ చెరో తీర్పు ఇచ్చారు. గుడ్డ లేదని ఒకరు ఆపితే, గుడ్డ వుందని మరొకరు ఆపారు. కథ తలకిందులైంది, ఆగిపోయిన పిల్ల మాత్రం అదే పిల్ల. ఏ నవ్వునైనా, ఏ చట్టాన్నైనా, ఏ ఫత్వానైనా కొలవడానికి రొకేయా మనకొక కొలబద్ద ఇచ్చి వెళ్ళింది. దానివల్ల ఆ పిల్ల బడికి చేరిందా, లేదా?