కడ్డీ చెప్పినట్టు వినాలి

అద్దం తిప్పే హ్యాండిల్ వెనక పాత పంచె పేలిక దోపి, రెండు కొసలూ పట్టుకుని అటూ ఇటూ లాగుతున్నాను. హ్యాండిల్‌ని ఇరుసుకు బిగించి ఉంచే చిన్న ఉక్కు క్లిప్పు ఆ సందులోనే దాక్కుని ఉంటుంది. పేలిక దాని కొస పట్టుకుందంటే చాలు. టక్కుమంది. క్లిప్పు ఎగిరి బావ చెప్పు పక్కన పడింది.

"ఇదిగోరా, దొరికింది," అని బావ దాన్ని స్టీలు పళ్లెంలో వేశాడు. ఇక ఊడదీసిన ప్రతి స్క్రూ ఆ పళ్లెంలోకే.

విజయవాడ పటమటలో అక్కావాళ్ల వాకిలి. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. మే నెలలో కారు రేకు మీద చెయ్యి ఆనించి పని చేయాలంటే ఈ వేళలోనే చేసుకోవాలి. కారు మారుతి 800. ఈ మోడల్ మొదటి కారు తాళాలను 1983 డిసెంబరు 14న ఇందిరా గాంధీ స్వయంగా హర్పాల్ సింగ్ చేతిలో పెట్టారు. 2014 జనవరిలో తయారీ ఆగిపోయింది. అక్క దీన్ని అమ్మనంటే అమ్మనంటుంది. బడి నుంచి వచ్చేసరికి ఆమె ఒక చేతిలో నోటు పుస్తకాల కట్ట, ఇంకో చేతిలో కూరగాయల సంచి ఉంటాయి. అలా మోస్తూనే నాలుగు తలుపులూ ఒక్కొక్కటీ చూసుకుని లాక్ చేస్తుంది. ఆటోనగర్‌లో కొన్న రిమోట్ లాక్ కిట్టు ఇప్పుడు అరుగు మీద పరిచి ఉంది: నాలుగు మోటార్లు, అరచేతిలో పట్టే నల్లటి కంట్రోల్ డబ్బా, తీగల కట్ట, కడ్డీలు, చిల్లుల పట్టీలు, రెండు రిమోట్లు.

డోర్ ప్యాడ్ అంచు కింద వేళ్లు పెట్టి నెమ్మదిగా లాగితే ప్లాస్టిక్ క్లిప్పులు వరసగా ఊడుతున్నాయి. ప్యాడ్ పక్కకు వెళ్లగానే పాలిథిన్ షీటు కనిపించింది. నల్లటి బంకతో అంటించారు. చాలామంది దీన్ని చించి పారేస్తారు. అది పెద్ద తప్పు. వానలో అద్దం మీంచి తలుపులోకి దిగిన నీళ్లు ప్యాడ్‌కు తగలకుండా కింది చిల్లుల్లోంచి పోయేది ఈ షీటు అడ్డం ఉండబట్టే. బంక సాగుతూ ఉండగా బ్లేడుతో మెల్లగా విడదీసి, మూలకు మడిచి టేపు వేశాను.

లోపల చీకటి. బావ టార్చి పట్టాడు. దుమ్ము, పాత గ్రీజు వాసన. లోపలి లాక్ మీటను నొక్కితే సన్నని ఇనుప కడ్డీ ఒకటి తలుపు అంచున ఉన్న గడియ వైపు కదులుతోంది. మళ్లీ నొక్కాను. మళ్లీ కదిలింది. ఈ పనంతా ఆ కడ్డీ మీదే ఆధారపడి ఉంది. రిమోట్, రేడియో, రీలేలు ఎన్ని ఉన్నా చివరికి జరిగేది ఒక్కటే. మన వేలు చేసే పనిని ఒక చిన్న మోటారు చేస్తుంది, ఈ కడ్డీని ముందుకు తోస్తుంది, వెనక్కి లాగుతుంది.

అందుకే వైర్లు ముట్టుకోకముందే మోటారును చేత్తో పట్టుకుని కడ్డీ పక్కన పెట్టి చూస్తున్నాను. రెండూ ఒకే గీతలో కదలాలి. కాస్త ఏటవాలుగా బిగించినా మోటారు బలంలో కొంత కడ్డీని పక్కకు వంచడానికే పోతుంది. అలాంటి తలుపు కొన్నాళ్లు బాగానే పడుతుంది, తర్వాత మొరాయిస్తుంది. ఇంకో సంగతి, మోటారు ముక్కు కదిలే దూరం రెండు సెంటీమీటర్లకు కాస్త తక్కువ. లాక్ కడ్డీ కదిలే దూరం అంతకన్నా చిన్నది. మోటారును సగం దూరంలో ఆపి, లాక్ మీటనూ సగంలో నిలిపి, అప్పుడు క్లాంపు స్క్రూ బిగిస్తే రెండు కొసల్లోనూ సమానంగా చోటు మిగులుతుంది.

"బావా, అద్దం పూర్తిగా దించు."

ఊడదీసిన హ్యాండిల్‌ని ఉత్తినే ఇరుసుకు తగిలించి తిప్పాడు. అద్దం దిగివచ్చి మోటారు పక్కనుంచి వేలెడు ఎడంతో జారిపోయింది.

"తగల్లేదు కదరా?"

"లేదు. ఇక్కడే మార్కు పెడుతున్నా."

చిల్లు పడాల్సింది లోపలి రేకుకి. డ్రిల్లు అదుపు తప్పి బయటి రేకును తాకిందా, రంగు మీద బొడిపె లేస్తుంది. బిట్టు కొస మాత్రం బయటికి ఉండేలా మిగతా అంతా టేపు చుట్టాను. టేపు రేకుకు తగిలిందంటే ఆగాలి. చిల్లు అంచును ఆకురాయితో రుద్దాను. తర్వాత పట్టీ, స్క్రూలు. వేలితో మీట నొక్కితే ఇప్పుడు కడ్డీతోపాటు మోటారు ముక్కు కూడా వస్తోంది, గీచుకోకుండా, ఒకే సన్నని చప్పుడుతో. ఆ చప్పుడు కుదిరేదాకా తర్వాతి తలుపు జోలికి పోకూడదు.

తలుపులోంచి వైరును కారులోకి తేవడమే ఓపిక పరీక్ష. కీలు పక్కనున్న చిల్లులో రబ్బరు బుష్ పెట్టి, సైకిల్ పుల్లకు వైరు కట్టి తోస్తున్నాను. అటువైపు డ్యాష్‌బోర్డు కింద తలకిందులుగా పడుకుని బావ వేళ్లతో వెతుకుతున్నాడు. "ఆ, తగిలింది, తోయ్." తలుపు పూర్తిగా తెరిచినా బిగుసుకోకుండా వైరు కొంచెం వదులుగా వదిలాను. డ్రైవర్ తలుపు మోటారుకు అయిదు తీగలు. ఆకుపచ్చ, నీలం మోటారును తిప్పుతాయి. ఒకటి ప్లస్, రెండోది మైనస్ అయితే ఒకవైపు, తారుమారైతే రెండోవైపు. మిగతా మూడూ కబురు మోస్తాయి. ఈ తలుపును తాళంచెవితో తిప్పినా డబ్బాకు తెలిసి మిగతా మూడు తలుపులూ పడతాయి. ఆ మూడింటి మోటార్లకు రెండేసి తీగలు చాలు. వెనక తలుపుల్లో చోటు ఇరుకు. పని మాత్రం అదే.

కరెంటు పని మొదలెట్టే ముందు 10 నంబరు పానాతో బ్యాటరీ మైనస్ ఊడదీశాను. డబ్బాకు వెళ్లే ఎర్ర తీగకు ఫ్యూజు బ్యాటరీ పక్కనే, జానెడు దూరం లోపే ఉండాలి. డబ్బా దగ్గర పెడితే లాభం లేదు. మధ్యలో ఎక్కడైనా తీగ రేకుకు ఒరుసుకుని తొడుగు తెగితే, ఫ్యూజుకు ముందున్న తీగంతా నేరుగా బ్యాటరీకి ఉన్నట్టే. ఫ్యూజు లేకుండా లాగిన వైరుతో ఇంటివాళ్లను కారులో కూర్చోబెట్టడం నా దృష్టిలో క్షమించరానిది. ఎర్త్‌కు రంగు గీకిన బోల్టు దొరికింది. జాయింట్లన్నీ టంకం వేసి, ష్రింక్ ట్యూబు తొడిగి వేడి చేశాను. ఉత్త ఇన్సులేషన్ టేపు ఇక్కడి ఎండకు జిగురు కారి ఊడిపోతుంది. డబ్బాలోంచి వేలాడే సన్నని తీగ యాంటెనా. 433 మెగాహెర్ట్జ్ తరంగంలో నాలుగో వంతు 17 సెంటీమీటర్ల చిల్లర, దాని పొడవూ దాదాపు అంతే. దాన్ని చుట్ట చుట్టకుండా రేకుకు దూరంగా నిటారుగా అంటించాను.

రిమోట్‌ను మాత్రం కొట్లోనే విప్పించి చూసి తెచ్చాను. చవక రిమోట్లలో ఈవీ1527 లాంటి చిప్పు ఉంటుంది. ఎన్నిసార్లు నొక్కినా అదే కోడు పంపుతుంది. పక్కన నిలబడి దాన్ని రికార్డు చేసినవాడు మళ్లీ వినిపిస్తే కారు తెరుచుకుంటుంది. హెచ్‌సీఎస్301 చిప్పు ఉంటే నొక్కినప్పుడల్లా కోడు మారుతుంది, వాడేసిన కోడును డబ్బా ఒప్పుకోదు. ఆ చిప్పు వాడేది కీలాక్ అనే పద్ధతి. దక్షిణాఫ్రికాలో పుట్టిన దాన్ని 1995లో మైక్రోచిప్ సంస్థ కొనుక్కుంది. దీనిలోనూ లోపాలున్నాయని పరిశోధకులు 2007 నుంచి చూపిస్తూ వచ్చారు. అయినా రోజంతా బడి ముందు నిలిచే కారుకు ఈ రెండింటికీ ఉన్న తేడా చాలా పెద్దది.

మైనస్ బిగించాను. నాలుగు అద్దాలూ దించే ఉన్నాయి, తాళంచెవి నా జేబులో ఉంది. పరీక్ష ఎప్పుడూ ఇలాగే చేయాలి. అక్క వచ్చి రిమోట్ అందుకుంది.

"నొక్కనా?"

"నొక్కక్కా."

ఠక్. మూడు తలుపులు ఒక్కసారిగా పడ్డాయి, ఇండికేటర్లు మెరిశాయి. ఎడమ వెనక తలుపు మీట సగంలో ఆగింది. అక్క మళ్లీ నొక్కబోతే బావ ఆపాడు. మోటారుకు కరెంటు అందేది అర సెకను పాటే. ఆ లోపు కడ్డీ కొస చేరాలి. ఆ తలుపు దగ్గర కూర్చుని వేలితో మీట కదిపాను. క్లాంపు రేకు అంచుకు ఒరుసుకుంటోంది. స్క్రూ వదులుచేసి, క్లాంపును బియ్యపుగింజంత వెనక్కి జరిపి బిగించాను.

"ఇప్పుడు."

నాలుగూ పడ్డాయి. నాలుగూ లేచాయి.

షీట్లు అంటించే ముందు బావ పైపు పట్టి ఎత్తిన అద్దాల మీద నీళ్లు కొట్టాడు. టార్చి వేసి చూశాను. మోటారు తల పైకి, తీగలు కిందికి వంగి ఉండటంతో కారిన నీరు ప్లగ్గులోకి పోకుండా వంపు దగ్గరే చుక్కలుగా రాలిపోతోంది. అప్పుడు ప్యాడ్లు ఎక్కించాను.

"రెండో రిమోట్ కారులోనే డ్యాష్‌బోర్డు అరలో పెట్టేదా?" అక్క అడిగింది.

"వద్దక్కా, ఇంట్లో పెట్టు. రిమోట్‌తో లాక్ తీసి, తలుపు తీయకుండా వదిలేస్తే కాసేపటికి ఈ డబ్బా తనంతట తనే లాక్ వేసేస్తుంది. పర్సులో తాళంచెవి ఎప్పుడూ ఉంచుకో. వారానికోసారి దాంతోనే తలుపు తియ్యి, లేకపోతే లోపల తుప్పు పట్టి రిమోట్ బ్యాటరీ అయిపోయిన రోజున తిరగదు. పిల్లలు లోపలుండగా మాత్రం ఒక్క నిమిషమైనా లాక్ నొక్కి దిగొద్దు."

"ఇదేంట్రా?" బావ నా చేతిలో కాగితం చూశాడు. ఏ రంగు తీగ ఎక్కడికి వెళ్తోందో, ఫ్యూజు ఎక్కడుందో, ఎర్త్ ఏ బోల్టుకు బిగించానో గీసిన బొమ్మ అది.

"డ్యాష్‌బోర్డు అరలో పెట్టాల్సింది ఇదీ," అని అతనికి ఇచ్చాను.