రవ్వ జారని గూడు

విజయవాడ ఆటోనగర్‌లో లారీ ఇంజను విప్పిన మెకానిక్కు వాల్వును దాని సీటులో కూర్చోబెట్టే తీరు చూడదగినది. కార్బొరండం ముద్ద పూసి, వాల్వును ఇటూ అటూ తిప్పుతూ అరగదీసి, అంచు చుట్టూ ఎక్కడా తెగకుండా ఒకే వలయంగా ఆనినదని తేలితే గాని అతడు దానిని వదలడు. వెంట్రుకవాసి సందు మిగిలినా వాయువు జారిపోతుంది. ఉంగరంలో రవ్వను నిలిపే స్వర్ణకారుని చిక్కు కూడ సరిగా ఇదే. పైనుంచి లోహం ఎంత గట్టిగా నొక్కినదన్నది తర్వాతి మాట. రాయి అంచు తన సీటు మీద చుట్టూ సమంగా ఆనకపోతే ఏ పట్టూ ఎక్కువ కాలం నిలువదు. ముక్కుపుడక లోని రవ్వ స్నానాల గదిలోనో, పెళ్ళి పందిట్లోనో రాలిపోయి ఇల్లంతా వెదికిన కుటుంబాలకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

రాతిని నగలో నిలపడాన్ని తెలుగులో పొదగడం అంటారు. కోడి గుడ్లను పొదిగేదీ ఆ మాటతోనే. రెంటిలోను చుట్టూ కప్పి ఉంచడమే ముఖ్యం. మన పాత నగలలో జరిగినది అక్షరాలా అదే.

కృష్ణ ఒడ్డున కొల్లూరు, విజయవాడకు చేరువలోని పరిటాల ఒకనాడు లోకప్రసిద్ధమైన వజ్రాల గనులు. 13వ శతాబ్ది చివర మార్కో పోలో మోటుపల్లి సీమ వజ్రాలను గూర్చి వ్రాసినాడు. 17వ శతాబ్దిలో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే కొల్లూరు గనిని స్వయంగా చూచినాడు. అక్కడ దొరికిన రాళ్ళలో నగలకెక్కినవాటిని ఈ దేశంలో ఎక్కువగా కుందనపు పనితోనే పొదిగేవారు. కుందనమంటే మేలిమి బంగారం. కుందనపు బొమ్మ అనే మాట అందరి నోటా ఉన్నా, ఆ మేలిమికీ రాతి భద్రతకూ గల సంబంధం తెలిసినవారు తక్కువ.

కుందనపు పనిలో ముందుగా బోలుగా ఉన్న బంగారు చట్రం చేసి, దానిని లక్కతో నింపుతారు. నిప్పుసెగతో లక్క పైభాగాన్ని మెత్తబరచి, అడుగున తళుకు రేకు వేసి, రాతిని అందులో అదుముతారు. ఆపైన మేలిమి బంగారపు పలుచని రేకును సన్నని పట్టీలుగా మడిచి, రాతికీ చట్రానికీ నడుమ ఇనుప మొనతో కూరుతారు. పొర మీద పొర వేసి నొక్కి, నునుపు చేసేసరికి ఆ పొరలన్నీ ఒకే ముద్దగా అతుక్కుంటాయి. ఇందులో టంకం లేదు, వెలిగారం లేదు, రాతికి మంట తగిలే ప్రసక్తే లేదు.

చల్లని లోహం అతుక్కోవడం ఎట్లా? రాగి, ఇత్తడి, ఇనుము వంటి లోహాల పైభాగాన గాలిలోని ఆక్సిజన్‌తో కలిసిన పలుచని తెర ఎప్పుడూ ఉంటుంది. రెండు ముక్కలను ఎంత నొక్కినా ఆ తెరలు అడ్డు. బంగారానికి ఆ తెర ఏర్పడదు. పైగా అది మిక్కిలి మెత్తనిది. నొక్కినప్పుడు పొరలు ఒకదానిలోనికొకటి ఒరిగి, పరమాణువులు పరమాణువులను తాకుతాయి. అంతటితో అతుకు పూర్తి. రేకులో కొద్దిపాటి రాగి మిగిలినా పని చెడుతుంది. పూర్వులు బంగారాన్ని ఉప్పుతోను, ఇటుకపొడితోను కలిపి కాల్చి వెండిని విడదీయడం వట్టి స్వచ్ఛతా వ్యామోహం కాదు. రాయి నిలవాలంటే రేకు అంత శుద్ధం కావలసినదే. మెత్తని బంగారం రాతి వంపులన్నిటిలోనికి ఒదిగి, సీటును తానే తయారు చేసుకుంటుంది. అందుచేత సానపెట్టని వంకర రాళ్ళు కూడ ఈ పనిలో ఇమిడినవి. 1995లో భారత ప్రభుత్వం 218 కోట్ల రూపాయలకు కొన్న 173 నిజాము నగలలో ఈ పనితనం మెండుగా కనిపిస్తుంది.

కుందనానికి శత్రువు వేడి. లోపలి లక్క మరిగే నీటి వేడికి చాలా ముందే మెత్తబడుతుంది. నగ మురికిపట్టినదని వేడి కుంకుడు రసంలో నానవేస్తే రాయి కదలడమే కాక, తళుకు రేకుకు తడి తగిలి మెరుపు కూడ పోతుంది.

ఐరోపాలో కథ మరో దారి పట్టినది. అక్కడి సానగాండ్రు వజ్రానికి అనేక ముఖాలు చెక్కి, పైనుంచి దూరిన కాంతి అడుగు ముఖాలనుంచి మరలి పైకే వచ్చేటట్లు చేసినారు. వజ్రం వక్రీభవన గుణకం 2.42, లోపలి కాంతి సుమారు 24 డిగ్రీలకు మించిన వాలుతో గోడను తాకితే బయటికి పోజాలదు. ఇట్టి రాతికి వెనుక తళుకు రేకు అనవసరం, మూసిన గూడు అడ్డంకి. 1886లో న్యూయార్కు లోని టిఫనీ సంస్థ ఆరు గోళ్ళతో రవ్వను ఉంగరానికి పైకెత్తి నిలిపే పద్ధతిని ప్రవేశపెట్టినది. కొల్లూరు రాయిగా ప్రతీతిగల కోహినూరు చరిత్రలోను ఈ మార్పు కనిపిస్తుంది. రంజిత్ సింగు దండకడియంలో వెలిగిన ఆ రాయిని 1852లో లండనులో తిరిగి చెక్కించి, 186 క్యారట్ల నుండి సుమారు 106 క్యారట్లకు దించినారు. 1937లో చేసిన ప్లాటినం కిరీటంలో అది ఇప్పుడున్నది. మెరుపు కోసం ఇంత బరువు పోగొట్టుకోవడం సబబేనా అన్నది ఇప్పటికీ వాదమే.

గోళ్ళ పద్ధతిలో కాంతికి దారి దొరికినది గాని భారమంతా నాలుగైదు సన్నని చువ్వల మీద పడినది. ప్రతి గోటి లోపలి వైపున రాతి అంచు వాలుకు సరిపడా గాడి తీసి, రాతిని కూర్చోబెట్టి, కొనలు వంచాలి. గాడి లోతైతే గోరు అక్కడే విరుగుతుంది. తక్కువైతే రాయి తిరుగుతుంది. వంచిన లోహం కొంచెం వెనక్కు లేస్తుంది కూడ. ఆటోనగర్ రేకుపనివారు తలుపు రేకును కావలసినదానికన్న ఒక పిసరు ఎక్కువ వంచడం ఇందుకే. బంగారంలో రాగి, వెండి పాలు పెరిగినకొద్దీ ఈ ఎదురుతిరుగుడు హెచ్చు, అరుగుదల తక్కువ.

ఈ చివరి వాక్యం ఒకప్పుడు వేల కుటుంబాల బ్రతుకు మీదికి వచ్చినది. చైనాతో యుద్ధం ముగిసిన కొద్ది వారాలకు, 1963 జనవరిలో, కేంద్ర ప్రభుత్వం బంగారు నియంత్రణ నిబంధనలు తెచ్చి, 14 క్యారట్లకు మించిన బంగారంతో కొత్త నగలు చేయరాదన్నది. 14 క్యారట్లంటే నూటికి 58 పాళ్ళు బంగారం. లోహశాస్త్రం దృష్టిలో అది చెడ్డ లోహం కాదు. పడమటి దేశాలలో రవ్వల ఉంగరాలకు గట్టి గోళ్ళు దానితోనే చేస్తారు. కాని 22 క్యారట్లకు అలవాటుపడిన చేతికి అది పరాయిది. కాల్చితే నల్లబడుతుంది, వంచితే ఎదురుతిరుగుతుంది, సుత్తి దెబ్బకు త్వరగా గట్టిపడి చిట్లుతుంది. పనిముట్లూ శిక్షణా మారకుండా లోహాన్ని ఒక్కదానినే ఆజ్ఞతో మార్చినారు. కొనేవారు ముఖం చాటుచేసినారు. దేశమంతటా స్వర్ణకారులు పని కోల్పోయినారు. కొందరు ప్రాణాలు తీసుకున్నారు. 1966లో ఆ 14 క్యారట్ల హద్దు సడలినది. 1968లో చట్టరూపం దాల్చిన నియంత్రణ మాత్రం 1990 దాకా సాగినది.

బంగారం అందని చేతులకు కృష్ణా డెల్టాలో మరొక దారి ముందే ఉన్నది. మచిలీపట్నంలో పాండురంగని ఆలయంతోపాటు చిలకలపూడికి పేరు తెచ్చినవి పూతబంగారు నగలు. ఇత్తడి, రాగి అచ్చులపై పలుచని బంగారు పూత, పైన గాజురాళ్ళు. ఇక్కడ పొదగడం మరింత కష్టం. పూత తర్వాత గోరు వంచితే వంపు దగ్గర పూత చిట్లి, లోపలి ఇత్తడి బయటపడుతుంది. ముందే పొదిగి పూత వేస్తే రసాయనపు తొట్టెలో ముత్యం వంటి సుకుమారపు రాళ్ళు చెడతాయి. జిగురుతో అతికించడం చవక. కాని వేడికి ఇత్తడి గాజుకన్న సుమారు రెండింతలు వ్యాకోచిస్తుంది. ఎండలో, చెమటలో, మళ్ళీ చల్లనినీటిలో ఈ రెండూ వేర్వేరు కొలతలతో సాగి ముడుచుకొంటూ నడుమనున్న జిగురును రోజురోజుకూ వదులు చేస్తాయి. సముద్రతీరపు తేమ దానికి తోడు.

అందువల్ల నాణ్యమైన పనిలో జిగురును సాయానికే ఉంచి, అచ్చులోనే రాతి కొలతకు సరిపడే గిన్నె వంటి గూడు దించి, అంచును రాతి మీదికి కొద్దిగా మడుస్తారు. అచ్చు మొదట చెక్కేటప్పుడు గూడు పావు మిల్లీమీటరు పెద్దదైతే, ఆ అచ్చునుండి దిగిన ప్రతి కమ్మలోను రాయి ఆ పావు మిల్లీమీటరు మేర కదులుతూనే ఉంటుంది.